గుట్టవాలు గరప నేల: రాళ్ళు ఏరించాలా, గడ్డి వేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. గుట్ట కింది వాలులో ఆరెకరాల ఎర్ర గరప నేల ఉంది. పైనంతా పలుగురాళ్ళు, గులకరాళ్ళు. వేరుశనగ వేసి వేసి విసుగొచ్చి బీడు పెట్టాం. ఇప్పుడు మా 40 గొర్రెలు అక్కడే మేస్తున్నాయి. భూసార పరీక్ష చేయిస్తే హెక్టారుకు భాస్వరం 34 కిలోలు, పొటాష్ 230 కిలోలు, రెండూ మధ్యస్థం అని వచ్చింది. మరి పైరెందుకు నిలవదు? జేసీబీతో రాళ్ళు గీకించి చెరువు మట్టి తోలమని కొందరు, గడ్డి విత్తుకోమని కొందరు చెబుతున్నారు. గడ్డి వేస్తే మా గొర్రెలకు చాలుతుందా? పల్లం మూలన తెల్లటి సుద్ద బయటపడింది, అక్కడ జిప్సం వేయాలా?

సమాధానం: మీ నేల గురించి మొదట తెలియాల్సిన అంకె ఆ పరీక్ష కాగితంలో లేదు. నేలలో రాయెంత, మట్టెంత అన్నదే ఆ అంకె. ప్రయోగశాలలో మీరిచ్చిన మట్టిని ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. కిందికి దిగిన మెత్తని మట్టినే పరీక్షిస్తారు, జల్లెడలో మిగిలిన గరపను పక్కన పడేస్తారు. ఫలితాన్ని హెక్టారుకు ఇన్ని కిలోలని రాసేటప్పుడు మాత్రం పై 15 సెంటీమీటర్ల పొర అంతా మట్టేనని, హెక్టారుకు 22.4 లక్షల కిలోల మట్టి ఉంటుందని లెక్క కడతారు. నల్లరేగడికి ఈ లెక్కతో పేచీ లేదు. పొరలో సగం దాకా రాయి ఉన్న మీ చేనుకు మాత్రం అదే లెక్క తప్పుదోవ పట్టిస్తుంది. పరీక్ష తప్పు కాదు, ఆ పరీక్ష చూసిన మట్టి మీకు సగమే ఉంది.

ఆ సగం ఎంతో మీరే కొలుచుకోవచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, జానెడు లోతున గుంట తవ్వి, వచ్చిన మట్టినీ రాయినీ ఒక్క పిడికెడు కూడా పోకుండా టార్పాలిన్ మీద పోయండి. గుంటలో పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, నేల మట్టం దాకా లీటరు చెంబుతో నీళ్ళు పోయండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే గుంట పరిమాణం, సుమారు 18 లీటర్లు వస్తుంది. తవ్వినది ఎండాక గడ్డలను చేత్తోనో చెక్కతోనో నలిపి, 2 మిల్లీమీటర్ల కన్నున్న ఇనుప జల్లెడ పట్టండి. రాయితో దంచితే మెత్తబడిన రాళ్ళు కూడా పిండై మట్టిలో కలిసిపోతాయి, లెక్క చెడుతుంది. మిగిలిన గరపను కడిగి ఒక పూట నానబెట్టి, పైతడి ఆరాక, అంచుదాకా నీళ్ళు నింపిన బకెట్లో మెల్లగా వేయండి. బకెట్టు కింద వెడల్పాటి బేసిన్ పెడితే పొర్లిన నీరు అందులో పడుతుంది. ఆ నీటిని కొలవండి. 18 లీటర్ల గుంటకు 8 లీటర్లు పొర్లితే రాయి 44 శాతం.

బరువుతో లెక్కేయకండి. రాయి మట్టి కంటే బరువు కాబట్టి బరువులో 60 శాతం రాయి ఉన్న నేలలో పరిమాణం చూస్తే 46 శాతమే ఉంటుంది. వేరుకు అడ్డొచ్చేది, నీటికి చోటు లేకుండా చేసేది రాయి పరిమాణమే. వాలు పైభాగంలో, నడుమ, దిగువన ఒక్కో గుంట తీసి చూడండి. పైన రాయి ఎక్కువగా, దిగువన తక్కువగా రావడం మామూలే. తేడా పెద్దగా ఉంటే ఆరెకరాలనూ ఒకే చేనుగా చూడడం మానుకోవాలి.

రాయి 45 శాతమని తేలిందనుకుందాం. మీ పొటాష్ 230 కిలోలు కాదు, 126. భాస్వరం 34 కాదు, 19. రెండూ తక్కువ తరగతిలోకి జారిపోయాయి. అయినా మీ వేరుశనగను ఎండగట్టింది ఇది కాదు, నీటి లెక్క. రాయి లేని ఎర్ర ఇసుకపాలు మట్టి మీటరు లోతుకు, మొక్క తీసుకోగల నీటిని సుమారు 110 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుంది. మీ దగ్గర మొరం తగిలే లోతు 35 సెంటీమీటర్లైతే ఆ లోతుకు 38 మిల్లీమీటర్లు రావాలి. రాయి వాటా తీసేస్తే మిగిలేది 21. ఊడలు దిగే వేళ వేరుశనగ రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. నిండా తడిసిన చేను నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది, సగం ఖాళీ అయ్యేసరికే ఆకు వాడుముఖం పడుతుంది. మన ప్రాంతంలో ఆగస్టులో పది పదిహేను రోజుల బెట్ట వింతేమీ కాదు. ఎరువు ఎంత వేసినా ఈ లెక్క మారదు.

ఈ లెక్కకే ఇంకో వైపు ఉంది, గడ్డికి పనికొచ్చేది అదే. రాయి నీరు పట్టదు కాబట్టి కురిసిన కొద్ది వానా రాళ్ళ నడుమ ఉన్న కాస్త మట్టిలోకే చేరుతుంది. 10 మిల్లీమీటర్ల జల్లు రాయి లేని నేలలో 9 సెంటీమీటర్లు తడిపితే, మీ నేలలో 16 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. పై రెండంగుళాల తడి ఎండకు ఆవిరైపోతుంది, లోతుకు దిగినది వేరుకు అందుతుంది. చిన్న జల్లుకు రేగడి బీడు కంటే గరప బీడు ముందు పచ్చబడేది ఇందుకే. పెద్ద వానలో మాత్రం పట్టలేనంత నీరు మొరం పగుళ్ళలోకి జారిపోతుంది. ఏడాది పొడవునా వేరు బతికుండి, ఆ పగుళ్ళలోకి దూరగలిగే మొక్కకే ఆ నీరు దక్కుతుంది. మూడు నెలల పైరు అక్కడికి చేరేలోపే దాని ఆయువు తీరుతుంది.

రాళ్ళన్నీ ఒకే రకం కావు, ఇది చూడకుండా నిర్ణయం చేయొద్దు. కడిగిన గరపలోంచి దోసెడు తీసి ఏరండి. తెల్లగా, గాజుమెరుపుతో, పదునైన అంచులతో ఉన్నవి పలుగురాళ్ళు. ఇవి నీరు పట్టవు, పోషకం ఇవ్వవు, ఎన్ని తరాలకూ అరగవు. మిగిలినవాటిలో గులాబీ, పసుపు చాయలున్న ముక్కలను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కండి. గింజలు గింజలుగా రాలితే అది కుళ్ళిన నల్లరాయి (గ్రానైట్), అంటే మొరం ముక్క. అది కొంత నీరు పీల్చుకుంటుంది, సన్నని వేర్లు దాని పగుళ్ళలో కనిపిస్తాయి కూడా. అందులోని గులాబీ పలుకులు అరిగేకొద్దీ కాస్త కాస్తగా పొటాష్ వదులుతాయి. గరపలో ఎక్కువ భాగం ఇలాంటిదైతే పైన రాయి వాటాకు వేసిన కోత పూర్తిగా వర్తించదు, మీ నేల కాస్త నయం. ఎక్కువ భాగం పలుగైతే లెక్క ఉన్నదున్నట్టే.

గుంటను మొరం దాకా దింపి పక్క గోడ కూడా చూడండి. ఈ వాలు నేలల్లో పై 10, 15 సెంటీమీటర్లు గరపతో కూడిన ఇసుకపాలు మట్టి. దాని కింద ఎరుపు చిక్కబడి, వేళ్ళకు జిగురుగా తగిలే పొర ఉంటుంది. పై మట్టిలోని బంక వానలతో కిందికి దిగి అక్కడ పేరుకున్నదే అది. మీ నేలలో నీటినీ పోషకాన్నీ పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ పొరే. దాని కింద పసుపు, బూడిద చాయల మొరం. జిగురు పొర ఒక జానెడన్నా ఉంటే గడ్డి బాగా పట్టుకుంటుంది. పై గరప కిందే నేరుగా మొరం తగిలితే, మట్టి కోత ఆ చోట పని ముగించేసింది. అక్కడ విత్తనం ఖర్చు పెట్టకుండా కందకం తీసి చెట్టు నాటడం మంచిది.

ఇక రాళ్ళు. పైన పరుచుకున్న గులకరాళ్ళు చేనుకు శత్రువులని చాలామంది అనుకుంటారు. వాన చినుకు నేరుగా మట్టిని కొడితే ఎర్ర నేల పైన మెత్తని బురద పొర ఏర్పడుతుంది, ఎండ తగలగానే అది పెంకులా బిగుస్తుంది. ఆ పెంకు మీద తర్వాతి వాన ఇంకదు, పారుతుంది. రాయి ఉన్నచోట చినుకు దెబ్బ రాయి తింటుంది. పైగా రాయి కింద తడి ఆరదు. అయితే రాయి ఎలా కూర్చుందన్నది ముఖ్యం. నడుమ భాగంలో ఓ గులకరాయిని వేళ్ళతో లేపండి. సులువుగా లేచి, కింద మట్టి వదులుగా, చీమల బొరియలతో, కాస్త చెమ్మగా ఉంటే ఆ రాయి మేలు చేస్తోంది. లేపేటప్పుడు పెంకు విరిగినట్టు చప్పుడై, కింద రాయి ఆకారం అచ్చు పడి గట్టిగా ఉంటే, అది పెంకులో పాతుకుపోయింది. అలాంటి రాళ్ళు, పెంకు కలిసి నీటిని ఇంకనివ్వవు. రెండో రకానికి మందు రాళ్ళు తీసేయడం కాదు, పెంకు పగలగొట్టి గడ్డి నిలబెట్టడం. బీడులో గొర్రెలు ఎక్కువగా తిరిగే దారుల పక్కన ఈ రెండో రకమే కనిపిస్తుంది, గమనించండి.

జేసీబీ మాట కాగితం మీద లెక్క వేస్తే చాలు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల పొర సుమారు 607 ఘనపు మీటర్లు. అందులో 45 శాతం రాయంటే 273 ఘనపు మీటర్లు. కుప్ప పోస్తే సందులతో కలిపి 450 అవుతుంది, అంటే ఎకరానికి సుమారు 150 ట్రాక్టర్ల రాయి. అంతా తోలాక మీకు మిగిలే పొర 8 సెంటీమీటర్లు. పైగా జేసీబీ బకెట్టు రాయినీ మట్టినీ విడదీయదు, పై మట్టిని కూడా గీకి జిగురు పొరను బయటపెడుతుంది. తర్వాతి భారీ వాన ఆ పొరను కోస్తుంది. మళ్ళీ దున్నితే కిందినుంచి కొత్త రాళ్ళు లేస్తాయి. కాబట్టి గీకించకండి. పిడికిలి కంటే పెద్ద రాళ్ళను మాత్రం మనుషుల చేత ఏరించి రాతి కట్టలకు వాడండి. నిమ్మకాయ, రేగుకాయ సైజువి ఎక్కడివక్కడే ఉండాలి.

చెరువు మట్టి మంచిదే, మీ ఆరెకరాలకు మాత్రం కాదు. ఎకరంపై ఒక్క సెంటీమీటరు పొర పరవాలంటే 40 ఘనపు మీటర్లు కావాలి, అంటే 14 ట్రాక్టర్లు. ఆరెకరాలకు 84. ఆ సెంటీమీటరు మట్టి పెంచే నీటి నిల్వ ఒకటి రెండు మిల్లీమీటర్లే. కట్టలు లేని వాలు మీద పోస్తే మొదటి గట్టి వానకు చెరువు మట్టి తిరిగి చెరువుకే చేరుతుంది. చెట్ల గుంటలకు మాత్రం తోలండి, గుంటకు రెండు గంపలు. అక్కడ పెట్టిన ఖర్చు దక్కుతుంది. బీడులో చెదపుట్టలుంటే పాడుబడిన పుట్టమన్ను కూడా గుంటలకు వాడుకోవచ్చు. చెదలు కిందినుంచి మెత్తని మట్టినే పైకి మోస్తాయి కాబట్టి అందులో గరప ఉండదు.

గొర్రెలకు చాలుతుందా అన్నది మీరు అడిగిన ప్రశ్నల్లో బరువైనది. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు మేత తింటుంది. మీ మందకు రోజుకు 40 కిలోలు. బీడులో మేత ఎంతుందో అక్టోబరులో, గడ్డి గింజ పట్టే వేళ కొలవాలి. మీటరు చదరంగా నాలుగు కర్రలు కట్టి, బాగున్న చోటొకటి, బాగోని చోటొకటి కలిపి పది చోట్ల ఆ చట్రం వేయండి. లోపల గొర్రె తినే గడ్డిని మాత్రం రెండంగుళాలు వదిలి కోసి, వారం ఎండబెట్టి తూచండి. సగటు గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరానికి కిలోలు వస్తాయి. తంగేడు, బందారు, వెంపలి, జిల్లేడు లెక్కలోకి రావు.

బాగా మేసి అలసిపోయిన గరప బీడులో చదరపు మీటరుకు 100 గ్రాములు, అంటే ఎకరానికి 400 కిలోలు వస్తే అది మామూలు. అందులో సగమే మేపుకోవాలి, మిగతా సగం వేరును బతికించడానికి, నేలను కప్పడానికి. ఎకరానికి 200 చొప్పున ఆరెకరాలకు 1200 కిలోలు, మీ మందకు 30 రోజులు. అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క నిలదొక్కుకుంటే, వాన సరిగ్గా ఉన్న ఏడు ఎకరానికి 1200 కిలోల దాకా రావచ్చు. అందులో సగంతో 40 గొర్రెలకు 90 రోజులు గడుస్తుంది. కాబట్టి చాలదు. మూడు నెలలకు మించి ఈ ఆరెకరాల మీద ఆశ పెట్టుకోవద్దు, మిగతా నెలలకు పొరంబోకు మేత, వేరుశనగ కట్టె, చెట్ల ఆకు చూసుకోవాలి. నలభై గొర్రెలనూ ఏడాదంతా ఇక్కడే తిప్పితే ఏ గడ్డి వేసినా మూడో ఏటికి మళ్ళీ తంగేడు మిగులుతుంది.

గడ్డికి ముందు నీటిని ఆపాలి. వాలుకు అడ్డంగా సమమట్టపు గీతలు వేయండి. బేల్దార్లు వాడే నీటి గొట్టం చాలు, గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలిచే చోట్ల గూటాలు పాతుకుంటూ పోవాలి. వంద అడుగులకు ఐదడుగులు దిగే వాలైతే 20 మీటర్లకొక గీత. ఆ గీత మీద ఏరిన రాళ్ళతో కట్ట వేయండి, అడుగున ఒకటిన్నర అడుగు వెడల్పు, ఎత్తు అడుగు. మొదటి వరుస రాళ్ళను నాలుగు అంగుళాల లోతున పాతాలి. చాలామంది ఇక్కడే పని ఎగ్గొట్టి రాళ్ళను నేల మీదే పేరుస్తారు, నీరు వాటి అడుగున దారి చేసుకుని మట్టిని కోసుకుపోతుంది. పెద్ద రాళ్ళు దిగువ వైపు, చిన్నవి ఎగువ వైపు పెడితే సందుల్లో ఒండ్రు చిక్కుకుంటుంది. నీరంతా ఆగాల్సిన పని లేదు, మెల్లగా వడకట్టుకుని దిగితే చాలు. రెండు మూడు వానలకే కట్ట ఎగువన మెత్తని మట్టి చేరుతుంది. స్టైలో మొదట పట్టేది ఆ పట్టీలోనే.

విత్తనానికి మీ జిల్లా వాళ్ళు దూరం వెళ్ళనక్కర్లేదు, దేశంలో స్టైలో విత్తనోత్పత్తికి ముఖ్య కేంద్రం అనంతపురం ప్రాంతమే. అయితే స్టైలో గింజ నేల మీద రాలాక ఊడ్చి సేకరిస్తారు, కాబట్టి కొనే విత్తనంలో ఇసుక, సన్న గరప కలిసి ఉంటాయి. గుప్పెడు నీటిలో వేసి అడుగున ఇసుక ఎంత నిలిచిందో చూసి బేరమాడండి. మీరే విత్తనం పండించి అమ్ముదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, గరప నేలను ఊడిస్తే చేతికొచ్చేది గరపే.

స్టైలోలో హమాటా, స్కాబ్రా రెండూ ఇక్కడ వస్తాయి. హమాటా పొట్టిగా పరుచుకుని, గింజ రాల్చి తనే మళ్ళీ మొలుస్తుంది. స్కాబ్రా పొదలా పెరిగి లోతుకు వేరు దింపుతుంది. ఎకరానికి అంజన్ గడ్డి 2 కిలోలు, స్టైలో 2 కిలోలు వేయండి. స్టైలో గింజ తోలు గట్టిది. నీళ్ళను 80 డిగ్రీల దాకా, అంటే మరగకముందు గిన్నె అడుగున బుడగలు లేచే దశలో దించి, గింజను నాలుగు నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్ళలోకి మార్చి రాత్రంతా ఉంచండి. సలసలా మరిగే నీటిలో వేస్తే ఉడికి చస్తుంది. అంజన్ గింజకు ఇంకో చిక్కుంది. కోసిన కొన్ని నెలల దాకా అది నిద్రలో ఉంటుంది, ఆ ఏడు కోసిన తాజా గింజ మొలవదు. నిరుటి విత్తనం అడిగి తీసుకోండి. నూగుతో ఒకదానికొకటి అతుక్కుంటుంది కాబట్టి నాలుగింతల తడి ఇసుకతో కలిపి చల్లాలి.

ఆరెకరాలూ దున్నకండి. గరప నేలను కల్టివేటరుతో గుల్ల చేస్తే ఉన్న గడ్డి పోతుంది, మట్టి కోసుకుపోతుంది, పాయింట్లు కూడా అరిగిపోతాయి. సమమట్టపు గీతలకు సమాంతరంగా మీటరుకొక చాలు, రెండు మూడు అంగుళాల లోతున నాగలితో తీయండి. నడుమ నేలను ముట్టుకోవద్దు. చాలులో ఎకరానికి రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేయండి, అంటే 16 కిలోల భాస్వరం, దాంతోపాటు 11 కిలోల గంధకం. స్టైలో పప్పుజాతి మొక్క, దానికి ఈ రెండూ కావాలి. భాస్వరాన్ని చల్లితే రాళ్ళ మీద పడి పోతుంది, చాలులో వేస్తే వేరుకు అందుతుంది. మొదటి ఏడు యూరియా వద్దు, అది కలుపును లేపుతుంది. ఈ నేలలో నిలవదు కూడా, ఒక్క పెద్ద వానకు మొరంలోకి దిగిపోతుంది.

విత్తనం చాలు అంచున పై పైన పడాలి, ఒక సెంటీమీటరు మట్టి కప్పితే ఎక్కువ. చాలు తీసిన వెంటనే కాకుండా ఒక చిన్న వాన పడి మట్టి సర్దుకున్నాక విత్తితే గింజ రాళ్ళ సందుల్లోంచి లోతుకు జారిపోదు. కప్పడానికి తంగేడు కంప కట్ట ఒకటి లాగితే చాలు. తొలకరి మొదటి చినుకుకే విత్తేయకండి. జూలైలో రెండు మూడు రోజుల్లో 25, 30 మిల్లీమీటర్లు పడి, తవ్వి చూస్తే జానెడు తడి ఉన్నప్పుడు విత్తండి. మీ ప్రాంతంలో పెద్ద వానలు సెప్టెంబరువి, అప్పటికి మొక్క నాలుగాకులు తొడిగి ఉంటే నిలబడుతుంది. చీమలు గింజలు మోసుకుపోవడం ఈ బీళ్ళలో పెద్ద నష్టం. గింజలను ఎర్రమట్టి, పేడ కలిపి సన్నని ఉండలు చేసి నీడలో ఆరబెట్టి వేస్తే ఆ బెడద తగ్గుతుంది.

మొదటి ఏడు అందులోకి గొర్రెను దింపొద్దు. స్టైలో తొలి ఏడు బెత్తెడు కూడా లేవదు, పోయిందనుకుని చాలామంది మంద వదిలేస్తారు. అది కింద వేరు పట్టిస్తూ ఉంటుంది. డిసెంబరులో గింజ రాలాక, అంజన్ గడ్డిని నాలుగు అంగుళాలు వదిలి కొడవలితో కోసి మోసుకొచ్చి వేయండి. అందుకే ఆరెకరాలనూ ఒకేసారి మొదలుపెట్టకండి, ఏటా రెండెకరాలు చాలు. మిగతా నాలుగెకరాలు మేతకు ఉంటాయి. రాత్రిళ్ళు మందను ఆ నాలుగింటిలో వచ్చే ఏడు విత్తబోయే భాగంలో ఆపండి. రెండు రాత్రులకొకసారి తడికెలు జరుపుతూ పోతే పెంటికలు, మూత్రం సమంగా పడతాయి. ఒకేచోట వారాలు ఆపితే అక్కడ పల్లేరు తప్ప ఏమీ మొలవదు.

రెండో ఏటి నుంచి బీడును మూడు నాలుగు దొడ్లుగా విడగొట్టి వంతులవారీగా మేపండి. రాతి కూసాలు అక్కర్లేదు, గరప నేలలో గుంట తీయడమే పెద్ద ఖర్చు. గట్ల మీద కిత్తనార నాటితే కొన్నేళ్ళలో కంచె అవుతుంది. అంజన్ గడ్డి నాలుగు అంగుళాలకు తగ్గగానే మందను తీసేయాలి. వాన పడిన రెండు రోజులు దింపొద్దు, తడి ఎర్ర నేలను గిట్టలు తొక్కితే ఆ పెంకు మళ్ళీ బిగుస్తుంది. వానాకాలం పచ్చిగా ఉన్న స్టైలోను పశువులు అంతగా ముట్టవు, గడ్డినే ఏరుకుంటాయి. చలికాలం గడ్డి గరుకెక్కాక స్టైలో మీద పడతాయి. మీకు మేత కరువయ్యేదీ అప్పుడే కనుక ఇది మంచిదే. ఏటా ఒక దొడ్డిని జూలై నుంచి గింజ రాలేదాకా మేపకుండా వదలండి, ఈ వంతు ప్రతి దొడ్డికీ రావాలి.

బీడులో మెలిక తిరిగిన నల్లటి ముల్లుతో గింజ పట్టే పందిముల్లు గడ్డి ఉంటే, అది పూతకు రాకముందే మందను దింపి మేపేయండి. లేతగా ఉన్నప్పుడు మంచి మేత. గింజ పట్టాక ఆ ముళ్ళు ఉన్నిలో దిగి చర్మాన్ని గుచ్చుతాయి, నోట్లో పుండ్లు చేస్తాయి. పలుగు అంచులకు గిట్టలు కోసుకుని కుంటే గొర్రెల సంగతీ చూస్తుండాలి. అయితే నీరు నిలవని నేల కాబట్టి రేగడిలో వచ్చే గిట్టల కుళ్ళు ఇక్కడ తక్కువే.

మొరం పైకి తేలిన పై వాలులో చెట్లే వేయండి. గరపలోకి, బండ పగుళ్ళలోకి వేరు దింపడంలో నారేపిని మించినది ఈ ప్రాంతంలో లేదు. మెల్లగా పెరుగుతుంది, కానీ ఎండాకాలం ఆకు గొర్రెలకు ఇష్టమైన మేత. చిగర, రేగు దానికి తోడు వేయొచ్చు. రెండడుగుల గుంట తీసి, అడుగున మొరాన్ని గడ్డపారతో పగలగొట్టి వదలండి. పగలగొట్టకపోతే వేరు కుండీలో పెరిగినట్టు గుండ్రంగా చుట్టుకుని రెండో ఎండాకాలానికి చెట్టు ఎండుతుంది. ఎగువ వైపు అర్ధచంద్రాకారంలో రాళ్ళ కట్ట పెడితే పారే నీరు పక్కకు తప్పుకుంటుంది, కాబట్టి కట్ట ఎప్పుడూ దిగువ వైపే ఉండాలి.

పల్లం మూలన కనిపించిన తెల్లదనానికి జిప్సం వేయకముందు అది సుద్దా, చౌడా తేల్చుకోండి. ఆ ముక్క మీద వంటింటి వినిగర్ నాలుగు చుక్కలు వేయండి, బుడగలు లేస్తే అది సున్నపు సుద్ద. వాలు పైనుంచి ఇంకిన నీరు మోసుకొచ్చిన సున్నం పల్లంలో గడ్డకట్టింది. దానికి జిప్సం దండగ, జిప్సం పనిచేసేది సోడియం పేరుకుని నీరు ఇంకకుండా జారుడుగా మారిన చౌడులోనే. వానాకాలం ఆ మూలన మడుగు రోజుల తరబడి బురదనీళ్ళలా తేరుకోకుండా నిలిచి, ఆరాక నేల జారుడుగా ఉంటే మాత్రం అక్కడి మట్టిని విడిగా పరీక్షకు పంపి, ఉదజని సూచిక (పీహెచ్) ఎంతుందో చూశాకే కొనండి. ఒట్టి సుద్దే అయితే హమాటా, అంజన్ రెండూ సున్నాన్ని తట్టుకుంటాయి, స్కాబ్రాను మాత్రం ఆ మూలన వేయకండి. లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కితే అది ఇనుము లోపం, లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) పిచికారీ చేయండి, సుద్ద నేలలో అన్నభేదిని మట్టిలో వేస్తే సున్నం పట్టేసుకుని మొక్కకు అందనివ్వదు.